తేదీ వెనక రాయి ఉంటుంది, బిడ్డా

ఎల్బీనగర్

చిరంజీవి మనవరాలికి,

దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్‌లో ఉండి గ్రూప్స్‌కు చదువుతున్నావు. కాకతీయుల తేదీలు ఎంత బట్టీ పట్టినా నిలవడం లేదని మొన్న ఫోన్‌లో బాధపడ్డావు. అందుకే శాసన పరిశోధకులు పి.వి. పరబ్రహ్మశాస్త్రి గారి గురించి రాస్తున్నాను.

2016లో కన్నుమూసేనాటికి ఆయనకు తొంభై దాటాయి. పురావస్తు శాఖలో శాసనాలు చదవడమే ఆయన కొలువు. కాకతీయుల మీద ఆయన రాసిన ప్రామాణిక గ్రంథం 1978లో అచ్చయ్యేసరికి వయసు యాభై దాటింది. నువ్వు ఇప్పుడే వెనకబడ్డానని దిగులు పడకు.

శాసనం తేదీని ఎలా తేలుస్తుందో చూడు. కాకతీయ రాణి రుద్రమదేవి 1295 ప్రాంతం దాకా ఏలిందని ఒకప్పుడు రాసేవారు. నల్లగొండ జిల్లా చందుపట్ల శాసనం ఆ లెక్క మార్చింది. రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకం చేరారని, వారి పుణ్యం కోసం పువ్వుల ముమ్మడి అనే బంటు సోమనాథ దేవుడికి భూమి ఇచ్చాడు. శకం 1211, అంటే 1289. ఒక బంటు చేసిన దానం వల్ల మహారాణి చివరి ఏడు మనకు తెలిసింది. ఇలా చదివితే ఆ తేదీని నువ్వు మరిచిపోగలవా?

నీ హాస్టల్‌కు దగ్గరలోనే, చైతన్యపురిలో మూసీ ఒడ్డున, కోసగుండ్ల నరసింహస్వామి గుడి ఉంది. అక్కడి బండ మీద బ్రాహ్మీ లిపిలో ఉన్న ప్రాకృత శాసనాన్ని చదివి లోకానికి చెప్పింది శాస్త్రి గారే. విష్ణుకుండి రాజు గోవిందుడి పేరిట వెలసిన బౌద్ధ విహారం ప్రస్తావన అందులో ఉంది. 1591 నాటి చార్మినార్‌కు వెయ్యేళ్ళకు పైగా ముందటి మాట అది. ఈ ఆదివారం వెళ్ళి చూసి రా.

ఇక మీదట ఏ తేదీ ఎదురైనా నాలుగు ప్రశ్నలు వేసుకో: ఏ శాసనం, ఎక్కడ దొరికింది, ఎవరు వేయించారు, ఎందుకు? జవాబులు నీ చేత్తో నోట్స్‌లో రాసుకో. శాస్త్రి గారంత ఆయుష్షు మన చేతిలో లేదు గానీ, ఆయన ఓపిక నేర్చుకుంటే వస్తుంది.

రేపు ఉద్యోగం వచ్చి ఏ మండలానికి వెళ్ళినా, గుడి ముందో చెరువు కట్ట మీదో శాసనం కనిపిస్తే దానికి సున్నం కొట్టనివ్వకు, రంగు పూయనివ్వకు. వెంటనే పురావస్తు శాఖకు కబురు పెట్టు. అధికారివైనాక నువ్వు చేయాల్సిన మొదటి మంచి పని అదే.

ఇట్లు,
మీ తాతయ్య