విద్యుత్ కారులో దూర ప్రయాణం: ఆరోగ్య ప్రశ్నోత్తరాలు

విద్యుత్ కారులో హైదరాబాద్ నుంచి విజయవాడకో విశాఖపట్నానికో బయలుదేరేవారి లెక్కలన్నీ బ్యాటరీ చుట్టూ తిరుగుతుంటాయి. ఎన్ని కిలోమీటర్లు వస్తుంది, ఛార్జర్ ఎక్కడుంది, ఎంతసేపు ఆగాలి అని ఆలోచించినంత శ్రద్ధగా, ఆ కారులో గంటల తరబడి కూర్చునే శరీరం గురించి ఆలోచించేవారు అరుదు. ఇంజన్ మోత, కుదుపు, పొగ లేనందువల్ల ఈ కార్లలో ప్రయాణం చాలావరకు హాయిగానే సాగినా, వీటికే ప్రత్యేకమైన కొన్ని ఇబ్బందులు లేకపోలేదు. తరచుగా ఎదురయ్యే సందేహాలకు సమాధానాలు ఇక్కడ ఇవ్వబడ్డాయి.

ప్రశ్న: పెట్రోలు కారులో ఏ ఇబ్బందీ లేనివారికి కూడా విద్యుత్ కారు వెనక సీట్లో కూర్చుంటే కళ్లు తిరగడం, కడుపులో తిప్పడం ఎందుకు?

జవాబు: శరీరం కదులుతున్నదా, నిలకడగా ఉన్నదా అన్న సంగతిని మెదడు కళ్ల నుంచి, లోపలి చెవిలోని సమతౌల్య అవయవం నుంచి, కండరాలు, కీళ్ల నుంచి వచ్చే సంకేతాలను కలుపుకొని తెలుసుకుంటుంది. ఈ సంకేతాలు ఒకదానితో ఒకటి పొసగనప్పుడు, లేదా రాబోయే కదలికను మెదడు ముందుగా అంచనా వేయలేనప్పుడు కలిగే వికారాన్నే మోషన్ సిక్‌నెస్ అంటారు. పెట్రోలు, డీజిలు కార్లలో వేగం మారేటప్పుడు ఇంజన్ మోత కూడా మారుతుంది కనుక, ఏళ్ల తరబడి ఆ శబ్దానికి అలవాటుపడిన మెదడు శరీరాన్ని సిద్ధం చేసుకుంటుంది. విద్యుత్ మోటారు అటువంటి సూచన ఏదీ ఇవ్వకుండానే ఒక్కసారిగా లాగుతుంది.

దీనికి రీజనరేటివ్ బ్రేకింగ్ తోడవుతుంది. డ్రైవరు యాక్సిలరేటర్ మీది నుంచి కాలు తీయగానే మోటారే జనరేటరుగా పనిచేస్తూ, కారు వేగాన్ని తగ్గించి ఆ శక్తిని బ్యాటరీకి తిరిగి పంపే ఏర్పాటు ఇది. దీనిని గరిష్ఠ స్థాయిలో ఉంచి, హైదరాబాద్–విజయవాడ దారిలోని పంతంగి టోల్‌గేటు వద్ద లారీల వెనక ఆగుతూ సాగుతూ వెళ్లే కారులో, డ్రైవరు కాలు ఎత్తిన ప్రతిసారీ వెనక సీటువారి తలలు ముందుకు తూలి మళ్లీ వెనక్కు వాలుతుంటాయి. వేగం ఎప్పుడు తగ్గబోతున్నదో డ్రైవరుకు ముందే తెలుసు కనుక అతనికి వికారం రాదు. ఫోన్‌లో తల దించుకున్నవారికి అది తెలిసే వీలులేదు కనుక వారికే ముందుగా వస్తుంది.

అందువల్ల మొదటి చికిత్స డ్రైవరు చేతిలోనే ఉన్నది. రీజనరేటివ్ బ్రేకింగ్‌ను తక్కువ స్థాయికి మార్చి, కాలును మెల్లగా నొక్కి మెల్లగా తీస్తే చాలామందికి ఇబ్బంది తగ్గుతుంది. వికారం వచ్చే పెద్దవారు ముందు సీట్లో కూర్చొని, తలను సీటుకు ఆనించి, దూరంగా రోడ్డు వైపు చూస్తూ ఉండడం మేలు. ప్రోమెథజీన్ వంటి మాత్రలను వైద్యుల సలహాతో ప్రయాణానికి ముందే వేసుకోవాలి. అవి మగత కలిగిస్తాయి కనుక కారు నడిపేవారు వాడకూడదు. రెండేళ్లలోపు పిల్లలకు అసలే ఇవ్వకూడదు.

ప్రశ్న: వెనక సీట్లో కొద్దిసేపటికే తొడలు, నడుము నొప్పి పుట్టడానికి కారు నిర్మాణం కారణమా?

జవాబు: కొన్ని కార్ల విషయంలో అవును. బ్యాటరీని కారు అడుగున అమర్చడం వల్ల, ముఖ్యంగా పెట్రోలు నమూనాను మార్చి తయారుచేసిన కార్లలో, నేల కొంత ఎత్తుగా ఉండి మోకాళ్లు పైకి లేస్తాయి. అప్పుడు తొడలకు సీటు ఆసరా తగ్గి, బరువంతా పిరుదుల మీద పడుతుంది. కటి భాగం వెనక్కు వంగి, నడుములో సహజంగా ఉండవలసిన లోపలి వంపు పోతుంది. ఫలితంగా వెన్నుపూసల మధ్య మెత్తల్లా ఉండే డిస్కుల మీద ఒత్తిడి పెరుగుతుంది. మడిచిన తువ్వాలును నడుము వంపు వద్ద, మరొకదానిని తొడల కింద సీటు అంచు వైపు పెట్టుకుంటే ఈ లోటు చాలావరకు తీరుతుంది. పొడవైనవారు ముందు సీట్లో కూర్చోవడం, సీటు వీపును 100 నుంచి 110 డిగ్రీల కోణంలో వాల్చుకోవడం, వెనక జేబులోని పర్సును తీసివేయడం కూడా అవసరం.

ప్రశ్న: ప్రయాణం ముగిసేసరికి పాదాలు వాయడం ప్రమాదకరమా?

జవాబు: రెండు కాళ్లూ సమానంగా, నొప్పి లేకుండా వాచి, రాత్రి పడుకున్నాక తగ్గిపోతే సాధారణంగా భయపడవలసినది లేదు. నడిచేటప్పుడు పిక్కల కండరాలు ముడుచుకుంటూ సిరల్లోని రక్తాన్ని గుండె వైపు నెడతాయి. కదలకుండా కూర్చున్నప్పుడు ఆ పని ఆగి, రక్తం కాళ్లలోనే నిలిచిపోతుంది. అలా నిలిచిన రక్తం కాలి లోపలి సిరల్లో గడ్డకట్టడాన్ని డీప్ వెయిన్ థ్రాంబోసిస్ అంటారు. నాలుగు గంటలు, అంతకు మించి కూర్చొని చేసే ప్రయాణం విమానంలోనైనా, కారులోనైనా, బస్సులోనైనా ఈ ముప్పును సుమారు రెట్టింపు చేస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో వెల్లడించింది. రెట్టింపైనా, ఆరోగ్యవంతుల్లో ఇది దాదాపు 6,000 మందిలో ఒకరికి వచ్చేది మాత్రమే. అయితే గర్భిణులు, ఇటీవల ఆపరేషన్ జరిగినవారు, క్యాన్సర్ రోగులు, గర్భనిరోధక మాత్రలు వాడేవారు, గతంలో ఈ జబ్బు వచ్చినవారు బయలుదేరే ముందే వైద్యులను సంప్రదించాలి. ఒక కాలే వాచి, పిక్క నొప్పిగా, వెచ్చగా, ఎర్రగా మారినా, ఆకస్మికంగా ఆయాసం, ఛాతీలో నొప్పి వచ్చినా, ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరి ఉండవచ్చు కనుక, ప్రయాణం ఆపి దగ్గరలోని ఆసుపత్రికి వెళ్లాలి. ఈ లక్షణాలు ప్రయాణం ముగిసిన కొన్ని వారాల తరువాత కూడా కనిపించవచ్చు.

ప్రశ్న: ఛార్జింగ్ మిగలడానికి ఏసీ ఆపివేయడం మంచిదేనా?

జవాబు: ఎండాకాలంలో మంచిది కాదు. గంటకు 100 కి.మీ. వేగంతో వెళ్లే మధ్యతరహా కారును నడపడానికి సుమారు 15 కిలోవాట్లు లేదా అంతకు మించి శక్తి కావాలి. కారు లోపలి భాగం ఒకసారి చల్లబడిన తరువాత ఏసీకి పట్టేది సాధారణంగా 1 నుంచి 2 కిలోవాట్లే. వేగం పెరిగేకొద్దీ గాలి అడ్డగింత మరింత ఎక్కువగా పెరుగుతుంది కనుక, 100 నుంచి 80కి వేగం తగ్గిస్తే మిగిలే ఛార్జింగ్ ఏసీ ఆపితే మిగిలేదానికంటే ఎక్కువ. ఉక్కపోతలో వృద్ధులు, పసిపిల్లలు, గుండె జబ్బులున్నవారు త్వరగా నీరసిస్తారు. ఇంటి వద్ద ఛార్జింగ్‌లో ఉండగానే కారును చల్లబరచుకొని, ఆపైన 24 నుంచి 26 డిగ్రీల వద్ద ఉంచుకోవడం మధ్యేమార్గం. లోపలి గాలినే తిప్పే రీసర్క్యులేషన్‌లో ఎక్కువసేపు ఉంచితే కార్బన్ డై ఆక్సైడ్ పెరిగి తల బరువు, మందకొడితనం వస్తాయి కనుక, అప్పుడప్పుడు కొన్ని నిమిషాలు బయటి గాలిని రానివ్వాలి.

ప్రశ్న: పేస్‌మేకర్ ఉన్నవారు వేగవంతమైన ఛార్జర్ వద్ద నిలబడవచ్చునా?

జవాబు: పేస్‌మేకర్, డీఫిబ్రిలేటర్ ఉన్నవారిపై జర్మనీలో జరిపి 2023లో ప్రచురించిన పరిశోధనలో, శక్తిమంతమైన డీసీ ఛార్జర్ల వల్ల ఆ పరికరాల పనితీరుకు భంగం కలగలేదు. అయినా కేబులును ఛాతీకి ఆనించి పట్టుకోకుండా, కారుకు తగిలించిన తరువాత కొంచెం దూరంగా ఉండడం తేలికైన జాగ్రత్త.

ప్రశ్న: ఛార్జింగ్ కోసం ముప్పావు గంట ఆగవలసి వచ్చినప్పుడు ఆ సమయాన్ని ఎలా వాడుకోవాలి?

జవాబు: డ్రైవరు రెండు గంటలకొకసారి విరామం తీసుకోవాలని సాధారణంగా చెబుతారు. హైదరాబాద్–విజయవాడ దారిలో సూర్యాపేట దాదాపు సగం దూరంలో, రెండు, రెండున్నర గంటల ప్రయాణంలో వస్తుంది కనుక, బ్యాటరీ నిండుకున్నాక కాకుండా శరీరం అలసేలోపు ఆగేటట్లు అక్కడే ఛార్జింగ్ పెట్టుకుంటే రెండు అవసరాలూ ఒకేసారి తీరుతాయి. 80 శాతం దాటాక ఛార్జింగ్ వేగం బాగా తగ్గుతుంది కనుక, ఒకచోట నిండా ఎక్కించడం కంటే రెండుచోట్ల కొంచెం కొంచెంగా ఎక్కించుకోవడం కాళ్లకూ మేలే. అయితే ఆగిన కారులోనే ఏసీ వేసుకొని ఫోన్ చూస్తూ కూర్చుంటే అది విరామం కాదు.

కేబులు తగిలించగానే మూత్ర విసర్జన చేసి, పది నిమిషాలు నడిచి, పాదాల వేళ్లపై పదిహేను, ఇరవై సార్లు లేచి దిగితే పిక్కల్లో రక్తం కదులుతుంది. మరుగుదొడ్లకు జంకి నీళ్లు తాగడం మానివేసే స్త్రీలకు మూత్రనాళ ఇన్‌ఫెక్షన్లు వచ్చే అవకాశం ఎక్కువ కనుక, శుభ్రమైన మరుగుదొడ్డి ఉన్న హోటల్ ఆవరణలోని ఛార్జర్‌ను ఎంచుకోవాలి. బిర్యానీ వంటి బరువైన భోజనం మధ్యాహ్నపు సహజమైన మగతను పెంచుతుంది. డ్రైవరుకు ఇడ్లీ, పెరుగన్నం వంటివి కొద్దిగా చాలు. నిద్ర ముంచుకొస్తుంటే కాఫీ తాగి 15 నుంచి 20 నిమిషాలు కునుకు తీయాలి. మెలకువ వచ్చేసరికి కాఫీ పనిచేయడం మొదలవుతుంది. ఇన్సులిన్ లేదా చక్కెరను బాగా తగ్గించే మాత్రలు వాడే మధుమేహులు, ఛార్జర్ వద్ద వరుసలో భోజనం ఆలస్యం కావచ్చునని ఊహించి గ్లూకోజ్, బిస్కెట్లు చేతికి అందేటట్లు ఉంచుకోవాలి. ఇన్సులిన్‌ను ఎండలో ఆగిన కారులో వదలకూడదు. ఏసీ నడుస్తున్నదన్న ధీమాతో పిల్లలను, వృద్ధులను ఒంటరిగా లోపల ఉంచడం కూడా తగదు. ఏ కారణం చేతనైనా అది ఆగిపోతే మూసిన కారులో వేడి పది నిమిషాల్లోనే సుమారు 10 డిగ్రీలు పెరగవచ్చు.