దాది పేరు

జంతుశాస్త్రం చదివే మనకు డార్విన్ అనగానే గాలపాగోస్ దీవులు, ఫించ్ పక్షులు గుర్తుకొస్తాయి. ఆయన తన కన్నకొడుకునూ అంతే శ్రద్ధగా పరిశీలించిన సంగతి పాఠాల్లో రాదు. పెద్దకొడుకు విలియం 1839 డిసెంబరు 27న లండన్‌లో పుట్టాడు. అప్పటినుంచి తండ్రి రాసుకున్న వివరాలు 1877లో ‘మైండ్’ పత్రికలో వ్యాసంగా వచ్చాయి.

ఆ వ్యాసం చదువుతుంటే నా దృష్టి దాది మీదికి పోయింది. పిల్లవాడికి ఆరు నెలల పదకొండు రోజులప్పుడు ఆమె ఏడ్చినట్టు నటించింది. వాడి మొహం చిన్నబోయి, మూతి కొసలు కిందికి జారాయి. పసివాడికి సానుభూతి ఉందనడానికి డార్విన్ చూపిన సాక్ష్యం అదే. అంటే ఆ ప్రయోగం చేసింది దాదే కదా! సరిగ్గా ఏడు నెలలకు, ఆమె పేరు పలికితే చాలు, వాడు ఆమె కోసం చుట్టూ చూసేవాడట.

ఆ పేరేమిటో మాత్రం వ్యాసంలో లేదు.

మా ఇంట్లో గేదె ఈనే రోజు అందరికంటే ముందు పసిగట్టేది పాలేరే. పాల లెక్క మాత్రం నాన్న పేరున ఉంటుంది. అందుకని నాకిది కొత్తగా అనిపించలేదు గాని, మనసు చివుక్కుమంది.

డార్విన్ కుటుంబం 1842లో డౌన్ గ్రామానికి మారింది. అక్కడ పిల్లల్ని పెంచిన దాది జెస్సీ బ్రోడీ. స్కాట్లండ్ మనిషి. అంతకుముందు నవలాకారుడు థాకరే ఇంట్లో పనిచేసింది. ఆమె పేరు డార్విన్ దంపతుల ఉత్తరాల్లో కనిపిస్తుంది. 1851 ఏప్రిల్‌లో పదేళ్ల ఆనీ మాల్వర్న్‌లో జబ్బుతో కన్నుమూసింది. తల్లి ఎమ్మా నిండు గర్భిణి, ఇంటి దగ్గరే ఉండిపోయింది. బ్రోడీ మాల్వర్న్‌లో ఆ పిల్ల దగ్గరే ఉంది. ఆ తరువాత ఆ కొలువులో ఆమె ఎంతోకాలం ఉండలేదు.