ప్రభుత్వ సమాచారం: కాపీరైట్ ఎవరిది?

సమాచార హక్కు చట్టం–2005లో దరఖాస్తుదారులు తికమకపడేది సెక్షన్ 9 దగ్గరే. ప్రభుత్వేతరుల కాపీరైట్‌కు భంగం కలిగే సందర్భంలోనే ఈ సెక్షన్ కింద దరఖాస్తును తిరస్కరించవచ్చు. ప్రభుత్వం తన సొంత కాపీరైట్‌ను ఇక్కడ సాకుగా చూపడం కుదరదు. అలాగని ఆ హక్కు లేదనుకోవద్దు: 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ప్రభుత్వ రచనలకు 60 ఏళ్ల రక్షణ ఉంది.

తీర్పుల సంగతి వేరు. ఈస్టర్న్ బుక్ కంపెనీ వర్సెస్ డి.బి.మోదక్ కేసులో (2007) సుప్రీంకోర్టు తీర్పుల మూలపాఠం అందరిదీ అంది. పేరాల విభజన వంటి సంపాదక కృషికి మాత్రం రక్షణ కల్పించింది.

ఇక ప్రభుత్వ సంస్థ ప్రచురించే భారత ప్రమాణాల (నాణ్యత, భద్రతా నియమాల) ఉచిత లభ్యత కోసం 2015లో ఢిల్లీ హైకోర్టుకు వెళ్లినవారిలో ప్రజా సమాచార ఉద్యమకారులు కార్ల్ మలముద్, శ్రీనివాస్ కొడాలి ఉన్నారు. భద్రతా నియమాలను పౌరుడు కొనుక్కోవాలా అన్నది అసలు ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే!

మరో దేశంతో పోల్చి చూస్తే, ఒమాన్‌లో 65/2008 రాజశాసనం చట్టాలను, తీర్పులను కాపీరైట్ పరిధి నుంచి తప్పించింది.