బాలురు పొడుగు వాక్యముల నెట్లు గ్రహింతురు?

“కుక్క పిల్లిని తరిమిన బాలుని చూచెను.” ఈ వాక్యమును అయిదేండ్ల బిడ్డకు చదివి వినిపించి, పిల్లిని తరిమిన దెవరని యడిగినయెడల “కుక్క” యను నుత్తరము తఱచుగా వచ్చును. బిడ్డ పరధ్యానముగా నుండి యట్లు చెప్పలేదు. చెవికి మొదట కుక్క, పిమ్మట పిల్లి, ఆ పిమ్మట తరుముట వరుసగా సోకినవి. మూడింటిని జేర్చి యొక యర్థము కట్టుకొన్నది. తరువాత వచ్చిన “బాలుని” యను పదము ఆ కట్టడమును కూల్చుచున్నది. పెద్దవారము క్షణములో వెనుకకు మరలి సరిచేసికొందుము. ఆ మరలుటయే బిడ్డ నేర్వవలసిన విద్య.

మేడ్చలు, శామీరుపేట ప్రాంతముల పాఠశాలలలో ఈ సంగతి వ్యాకరణపు తరగతిలోకంటె లెక్కల తరగతిలో నెక్కువగా బయటపడును. ఒక లెక్క చూడుడు. “20 మేకలు గల కాపరి, తన తమ్మునికిచ్చిన 5 మేకలకంటె 3 ఎక్కువ మేకలను సంతలో నమ్మెను. అతనియొద్ద మిగిలిన మేకలెన్ని?” 5, 3 కలిపి 8; 20 నుండి 8 తీసివేయగా 12 అని వ్రాయు బాలునికి కూడికయు తీసివేతయు చక్కగా వచ్చును. “ఇచ్చిన” యను విశేషణములో ఇచ్చుట యను పని దాగియున్నదని మాత్రము అతడు గమనింపలేదు. “తమ్మునికి మేకల నెవరిచ్చిరి? ఎన్ని యిచ్చిరి?” అని యడిగిన, 7 అని తానే దిద్దుకొనును. ఇట్టివానికి లెక్కలు రావని తేల్చివేయుట అన్యాయము. ఫ్యాక్టరీ గేటు బడికి దగ్గఱగనే యున్న ఈ ప్రాంతమున, ఆ మాట విన్న తండ్రి “చదువు మనకేల” యనుకొనుటకు ఎంతో కాలము పట్టదు.

ఒక వాక్యపు కడుపులో మఱియొక వాక్యము ఇమిడియున్న దానిని సంశ్లిష్టవాక్యమందురు. ఇమిడించు పద్ధతులు తెలుగున పెక్కు కలవు గాని, అవి యన్నియు బిడ్డకు ఒక్కసారి వశపడవు. చిన్నయసూరి క్త్వార్థకమనిన రూపము, అనగా లేచి, తిని, పోయి వంటిది, సులభముగా పట్టుబడును. “అవ్వ లేచి, వాకిలి ఊడ్చి, ముగ్గు వేసి, పాలు పిదికెను” అనిన నాలుగేండ్ల బిడ్డయు తబ్బిబ్బుపడదు. పనులు జరిగిన వరుసయు మాటలు వినబడిన వరుసయు నొక్కటియే. చేసినదియు అవ్వ యొక్కతెయే. రెండు క్రియలకును కర్త యొకటియే కావలెనను నియమమునుండి “వాన కురిసి శామీరుపేట చెరువు నిండెను” వంటి వాక్యము తప్పించుకొని పోవును. కురిసినది వాన, నిండినది చెరువు. ఐనను కారణమును కార్యమును కన్నులయెదుటనే యున్నవి గావున దీనికి తడబడిన బిడ్డను మేమెఱుగము. తడబాటెల్ల వ్యాకరణము వ్రాయువారిదే.

వరుస తలక్రిందులైనచో సంగతి వేఱు. “పాలు త్రాగుటకు ముందు పండ్లు తోమెను” అని చెప్పి బొమ్మతో ఆడించి చూపుమనిన, చిన్నబిడ్డ మొదట పాలు త్రాగించి పిమ్మట పండ్లు తోమించును. ఇంగ్లీషు మాటలాడు బిడ్డలయందు ఈ గుణమును ఈవ్ క్లార్కు అను విదుషి 1971లో ప్రకటించిన పరిశోధనలో చూపినది. ముందు, తరువాత యను మాటల యర్థము కుదురుకొనువఱకు వారు విన్న వరుసనే జరిగిన వరుసగా గొందురు.

ఇక “తరిమిన” యను ధాతుజ విశేషణమునకు వత్తము. “పిల్లిని తరిమిన కుక్క”, “పిల్లి తరిమిన కుక్క” – ఈ రెంటికిని భేదము “ని” యొక్కటియే. ఆ యొక్క యక్షరము పోయిన, తరిమిన కుక్క తరుమబడిన కుక్క యగును. “ఎద్దు లాగిన బండి” యనునపుడు ఈ చిక్కు లేదు; బండి యెద్దును లాగదు గదా. అందుచేతనే “బండి లాగిన ఎద్దు” అని ద్వితీయను విడిచియు మాటలాడుదుము. ప్రాణులు రెండు కలిసినపుడే “ని” మీద భారమంతయు పడును.

వేలకొలది మైళ్ల దూరమున నున్న స్పానిషు భాషయందును ఇట్టి యేర్పాటే కలదు. బాలుని చూచితినని చెప్పుటకు “వీ ఆల్ నీన్యో” యనియు, ఇంటిని చూచితినని చెప్పుటకు “వీ లా కాసా” యనియు నందురు. మొదటిదానిలోని “ఆల్” అనునది “ఆ”, “ఎల్” అను రెండు మాటల కలయిక. ఆ “ఆ” యే మన “ని” వంటిది. బాలునికి వచ్చినది, ఇంటికి రాలేదు. “ఎల్ పెర్రో కే పెర్సిగియో ఆల్ గాతో” అనిన పిల్లిని తరిమిన కుక్క. “ఎల్ పెర్రో ఆల్ కే పెర్సిగియో ఎల్ గాతో” అనిన పిల్లి తరిమిన కుక్క. ఆ భాష మాటలాడు బిడ్డలు చాల చిన్నతనముననే ఈ “ఆ”ను తమ మాటలలో సరిగా వాడుదురు. ఐనను రెండవ రకపు వాక్యము వినినపుడు మొదటిదానికంటె నెక్కువగా పొరబడుదురు. ఒక గుర్తును పలుకుట వేఱు, దానినే నమ్ముకొని పొడుగు వాక్యపు టర్థమును నడపుట వేఱు. మనకును వారికిని ఒక భేదము కలదు. స్పానిషున కుక్క ముందు వినబడి, అది యేమి చేసినదో వెనుక తెలియును. మన భాషలో కథ ముందు, కథానాయకుడు వెనుక. మొదటి వాక్యములోని బిడ్డ చిక్కుపడినదియు నిచ్చటనే.

మనకు సులువైన తావులును లేకపోలేదు. ఇంగ్లీషున ఒకడు మఱియొకనికి తాను వెళ్లుదునని మాట యిచ్చినను, వానిని వెళ్లుమని చెప్పినను, వెనుక వచ్చు క్రియకు రూపమొక్కటియే. కారోల్ చోమ్‌స్కీ 5 మొదలు 10 ఏండ్ల బాలురను పరీక్షించి 1969లో ప్రకటించిన గ్రంథమున, బడికి వచ్చిన పిమ్మటను పలువురు వెళ్లువాడెవడో పోల్చుకొనలేరని చూపినది. మనకు “పోయెదనని”, “పొమ్మని” యను రూపములే వానిని పట్టియిచ్చును. ఇంటిలో “వస్తనని చెప్పిండు” అను బిడ్డకు, వచ్చువాడును చెప్పినవాడును ఒక్కడేయని యెవరును బోధింపనక్కఱలేదు. “రాముడు నేను వచ్చెదనని చెప్పెను” అని పుస్తకమున చదివినపుడు మాత్రము, ఆ “నేను” రాముడా, చదువుచున్న తానా యని యొకింత నిలుచును.

అభ్యాసము చేయించువారికి ఒక మాట. ఒక్క కుక్కబొమ్మను ముందుంచి “పిల్లిని తరిమిన కుక్కను చూపుము” అనుట అసహజము. కుక్క యనిన చాలును గదా. విశేషణము పలువురిలో నొకరిని ఏఱుటకు పుట్టినది. హాంబర్గరు, క్రెయిను అను పండితులు 1982లో, ఒకే జాతి బొమ్మలను ఒకటికంటె నెక్కువగా ఉంచినపుడు చిన్నబిడ్డలును ఇట్టి వాక్యములను చాలవఱకు సరిగా గ్రహింతురని చూపిరి. చెరువుమట్టితో రెండు కుక్కలను చేయుటకు వ్యయమేమియు లేదు.

తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో 2022–23 నుండి 1 మొదలు 8 తరగతులకు ఇంగ్లీషు మాధ్యమము వచ్చినది. ఇంగ్లీషున “ని” లేదు. “దట్ చేజ్‌డ్ ద క్యాట్”, “దట్ ద క్యాట్ చేజ్‌డ్” అని మాటల స్థానమే సర్వమును నిర్ణయించును. ప్రత్యయమును నమ్ముట నేర్చిన బిడ్డ ఇప్పుడు స్థానమును నమ్మవలెను. ఇక ఉత్తరదేశమునుండి పనికై వచ్చిన కుటుంబముల బిడ్డలు హిందీలోని “జో”, “వో”ల జంటతో వత్తురు. ఆ జంట మనకును కలదు: “ఏ కుక్క పిల్లిని తరిమెనో, ఆ కుక్క”. ఇందు క్రియ విశేషణమున దాగక పూర్తిగా బయట నిలుచును గావున ఇది అందఱికిని పనికివచ్చును. మేకల లెక్కను నల్లబల్లపై నిట్లు వ్రాయవచ్చును: “కాపరి తన తమ్మునికి ఎన్ని మేకల నిచ్చెనో, అన్నిటికంటె 3 ఎక్కువ మేకలను అమ్మెను. తమ్మునికిచ్చినవి 5.” అటుపిమ్మట పుస్తకములోని వాక్యమును దాని ప్రక్కనే వ్రాసి, “ఇచ్చెనో” యనునది “ఇచ్చిన” యెట్లాయెనో బిడ్డలచేతనే చెప్పింపవలెను.