దొడ్డి వాకిట లెక్క

కర్నూలు నుండి బళ్ళారికి పోవు బాటమీద, హంద్రీ నది చెంత, కోడుమూరు అను ఊరు కలదు. ఆ ప్రాంతపు నేల కొంత నల్లరేగడి, కొంత ఎఱ్ఱనేల, నడుమనడుమ బోడిగుట్టలు. ఏడాదికి కురియు వాన సగటున 70 సెంటీమీటర్లకు లోపే. హంద్రి పెక్కు నెలలు ఇసుకపాయగా నుండి, వానలు పడినపుడు మాత్రము ఎఱ్ఱగా పొంగి, కర్నూలు వద్ద తుంగభద్రలో కలియును. ఇట్టి సీమలో పైరును మాత్రమే నమ్ముకొన్నవాడు కఱవు వచ్చిన యేట నిలువలేడు. అందుచేత ఇచ్చటి పల్లెలలో గొఱ్ఱెలును మేకలును పంటతో సమానమైన సంపదగా ఎన్నబడుచున్నవి. రాయలసీమ ప్రజలు వీనిని 'జీవాలు' అందురు. ప్రాణమున్నవి లోకమున ఎన్ని లేవు! అయినను ఆ పేరు ఈ రెండింటికే దక్కినది. వాన లేని ఏట ఇంటివారిని బ్రతికించునవి అవియే గదా.

2019వ సంవత్సరపు పశుగణన ప్రకారము ఆంధ్రప్రదేశ్‌లో గొఱ్ఱెలు 1 కోటి 76 లక్షలు. మన దేశమున తెలంగాణము తరువాత ఇంత పెద్ద సంఖ్య మఱి యే రాష్ట్రమునను లేదు. కోడుమూరు ప్రాంతమున వీనిని తరతరములుగా మేపుచున్నవారిలో కురుబలు ముఖ్యులు. వారి కులదైవము బీరప్ప.

మంద ఏడాది పొడుగున ఒకచోట నుండదు. సంక్రాంతి దాటిన పిమ్మట కోసిన జొన్నచేల మోళ్ళును, ప్రత్తిచేలలో రాలిన ఆకును, గట్లమీది రేగుకంపయు మేతయగును. ఎండలు ముదిరిన వెంటనే ఊరి బీడు మాడిపోవును. అప్పుడు కాపరులు నాలుగైదు మందలు కూర్చుకొని నీరున్న దిక్కునకు వలస పోవుదురు. కొందఱు తుంగభద్ర యొడ్డునకు, కొందఱు సుంకేసుల వద్ద బయలుదేరు కర్నూలు–కడప కాలువ క్రింది మాగాణులకు, మఱికొందఱు తూర్పున నల్లమల యంచునకు చేరుదురు. దారిలో ఈనిన గొఱ్ఱె ఒకటి రెండు గడియలలో లేచి నడచును గాని, పిల్ల నడువలేదు. దానిని కంబళిలో చుట్టి కాపరి తన భుజముననే మోసికొని పోవలెను.

రోహిణి కార్తెలో రోళ్ళు పగులునని సామెత. ఆ రోళ్ళు పగులు ఎండలు తగ్గి, మృగశిర కార్తె ప్రవేశించుటకు ముందే మందలు సొంత ఊళ్ళకు మరలివచ్చును. ఏడాదిలో కాపరికి ముఖ్యమైన దినము అప్పుడే వచ్చును. మందనంతను ఒకచోట కూర్చి, లెక్కించి, ఒక్కొక్క జీవమును చేతితో పట్టి చూచు దినమది. ఆ నాటి పనిలో జరిగిన పొరపాటు తొలకరి కురిసిన పిమ్మట గాని బయటపడదు. బయటపడిన పిమ్మట దిద్దుకొనుటకు వీలుండదు.

తెల్లవారుజామున కుక్కలు రెండు వైపులను కాచుచుండగా మందను కంప నాటిన దొడ్డిలోనికి తోలుదురు. గొఱ్ఱె తనంతట తాను దారి ఎన్నుకొనదు. ముందున్నది పోయినదే దారి. అందుచేత మెడలో గంట కట్టిన మేకపోతు నొకదానిని ముందు నడిపించినచో వెనుకవి చిక్కు లేక లోపల చేరును. తరువాత దొడ్డి వాకిలిని ఇద్దఱు మనుష్యులు పట్టునంత ఇరుకు చేసి, జీవములను జతలుజతలుగా వెలుపలికి విడుతురు. పది జతలు దాటగానే లెక్కించువాడు ఒక గులకరాయిని ప్రక్కన పెట్టును. మందలో రెండువందల జీవములున్నచో పది రాళ్ళు రావలెను. తొమ్మిది రాళ్ళును ఆఱు జతలును మాత్రమే తేలినవనుకొనుడు.

"తాతా, ఎనిమిది తక్కువ వచ్చినవి" అని మనుమడు పలుకును.

"తక్కువ వచ్చినవని వెంటనే అనరాదురా అబ్బీ. ముందు నీ లెక్క తప్పినదేమో చూడుము. మరల తోలుము" అని ముసలివాడు బదులు చెప్పును.

మరల తోలుదురు. రెండవసారియు ఎనిమిదే తక్కువైనచో, ఆ యెనిమిది జీవములును ఏ దినమున, ఏ ఊరి పొలిమేరలో మందను విడిచినవో కాపరులు గుర్తునకు తెచ్చుకొనవలసినదే. చదువు రానివాడైనను మంచి కాపరి తన జీవములను ముఖము చూచి యెఱుగును. చెవి గాటును బట్టి ఏ జీవము ఎవరిదో తెలియును.

లెక్క తేలిన పిమ్మట ఎంపిక. గొఱ్ఱె క్రింది పెదవిని దించి పళ్ళు చూతురు. పాలపళ్ళున్నది పిల్ల. ముందరి పాలపళ్ళు రెండూడి, వాని స్థానమున పెద్దపళ్ళు రెండు వచ్చినది ఏడాది దాటినది. ఎనిమిదియు వచ్చినది నాలుగేండ్లది. పళ్ళరిగినదియు, పొదుగు గట్టిపడినదియు, వరుసగా రెండేండ్లు ఈననిదియు అమ్మకమునకు పోవలెను. ఇరువదియైదు లేక ముప్పది గొఱ్ఱెలకు ఒక పొట్టేలు చాలును. ఆ పొట్టేలును రెండు మూడేండ్లకొకసారి వేఱొక మందనుండి మార్చనియెడల పిల్లలు బలహీనములై పుట్టును. ఎంపిక చేయునపుడు కాపరి మనస్సు రెండుగా చీలును. మంచి వానలు పడునని ఆశపడి అన్నింటిని ఉంచుకొన్నచో బీడు చాలదు. అన్నియు అరకడుపుతో నుండి, మొదటి రోగమునకే పడిపోవును. భయపడి ఎక్కువగా అమ్మినచో, వానలు పడిన యేట మేత యుండియు మేయుటకు జీవములుండవు.

ఈ చిక్కు కోడుమూరు కాపరికి మాత్రమే కాదు. అమెరికాలోని దక్షిణ డకోటా రాష్ట్రమున కస్టర్ అను ఉద్యానవనము కలదు. అచ్చటి గడ్డిమైదానములో బైసన్ అను అడవిదున్నలు మందగా తిరుగుచుండును. ఒకప్పుడు ఆ ఖండమున కోట్లకొలది యుండిన ఈ మృగములు 19వ శతాబ్దమున తుపాకుల పాలై కొన్ని వందలకు దిగజారినవి. ఆ ఉద్యానవనమునకు 1914లో 36 దున్నలను కొని తెచ్చిరి. నేడు మంద సుమారు పదమూడు వందలకు పెరిగినది. ఏటేట సెప్టెంబరు చివర గుఱ్ఱపురౌతులు ఆ మందను తఱిమి దొడ్లలో చేర్తురు. దూడలకు ముద్ర వేసి, టీకాలు వేసి, చూలువానిని గుర్తించి, ఆ ఏటి గడ్డికి మించినవానిని వేలము వేయుదురు. ఆ దృశ్యమును చూచుటకు వేలకొలది జనులు వత్తురు. కోడుమూరు దొడ్డి వద్దకు చూడవచ్చువారెవరును లేరు. కాని గడ్డికి తగినన్ని జీవములనే నిలుపుకొనవలెనను లెక్క రెండుచోట్ల నొకటే. భేదమొక్కటి కలదు: అచ్చటి గడ్డి చుట్టును కంచె యున్నది, ఇచ్చటి కాపరికి గడ్డిమీద హక్కు గాని, దానికి కంచె గాని లేదు.

ఎంపిక ముగిసిన తరువాత ఉన్ని కత్తిరింపు. బళ్ళారి వైపు గొఱ్ఱెలకు నల్లని ముతక ఉన్ని యుండును. వానిని ముందుగా మడుగులో ముంచి కడిగి, ఎండలో ఆరనిచ్చి, కాళ్ళు కట్టి పరుండబెట్టి, పెద్ద కత్తెరతో ఉన్నిని తీయుదురు. నేర్పరియైనవాని చేతిలో ఉన్ని ఒక్క దుప్పటివలె విడివడును, చర్మము తెగదు. తెగినచోట పసుపును వేపనూనెయు పూయుదురు, లేకున్న ఈగలు గ్రుడ్లు పెట్టి పురుగు పట్టును. ఏడాదికి ఒక గొఱ్ఱె ఇచ్చు ఉన్ని కిలోకు లోపే. పూర్వము ఆ ఉన్నిని స్త్రీలు కదురుపై వడకగా, పురుషులు కంబళి నేసి, చింతగింజల గంజి పట్టించెడివారు. గంజి పట్టిన కంబళి వానకు గొడుగు, చలికి దుప్పటి, రాత్రికి పడక. ఇప్పుడు ముతక ఉన్నిని అడుగువారు తక్కువ. ఉన్నికి వచ్చు వెల కత్తిరించువాని కూలికే చాలని కాలము వచ్చినందున, చాలమంది ఉన్ని లేని నెల్లూరు జాతి గొఱ్ఱెలను మాంసము కొఱకు పెంచుచున్నారు. అవి పొడవైన కాళ్ళు గలవై, చూచుటకు అందముగా నుండును. కాని వానితో కంబళి రాదు.

ఇక మందుల సంగతి. కాలువక్రింది మాగాణులలో మేసి వచ్చిన జీవముల కార్జమున జలగలు చేరియుండును. ఆ జలగలు పిల్లలుగా నున్నప్పుడు నీటి నత్తలలో పెరిగి, గడ్డిపోచలకు అంటుకొని, మేతతోపాటు కడుపులోనికి పోవును. రక్తము తగ్గి, దవడక్రింద నీరు దిగిన గొఱ్ఱెను చూచి కాపరి దీనిని గుర్తించును. బరువును బట్టి మందును నోట పోయవలెను. పోయునపుడు తల ఎక్కువగా ఎత్తరాదు. ఎత్తినచో మందు ఊపిరితిత్తులలోనికి పోయి, రోగముకంటె మందే ముందు చంపును.

తొలకరికి ముందు తప్పక వేయింపవలసినది చిటుక వ్యాధి టీకా. ఈ వ్యాధికి కారణమగు సూక్ష్మజీవి ఆరోగ్యముగా నున్న గొఱ్ఱె ప్రేవులలోనే కొద్దిగా నుండును. ఎండుమేతతో నెలలు గడపిన జీవము తొలి వానకు మొలచిన లేతగడ్డిని ఆత్రముగా మేయును. ఆ లేతమేత ప్రేవులలో చేరగానే సూక్ష్మజీవి ఒక్కపెట్టున పెరిగి విషమును పుట్టించును. సాయంకాలము గంతులు వేసిన పిల్ల తెల్లవారుసరికి చచ్చి పడియుండును. బక్కవి కాదు, బాగుగా బలిసినవే ముందుగా పోవును. వేసవి అంతయు కఱవుతో పోరాడి నిలుపుకొన్న జీవము పచ్చగడ్డి వచ్చిన దినముననే చచ్చుట కంటె కాపరికి దుఃఖకరమైనది లేదు. మొదటిసారి వేయించువారు రెండు వారముల ఎడముతో రెండు మారులు టీకా వేయింపవలెను. పిమ్మట ఏటేట ఒకసారి చాలును. టీకా వేసిన వెంటనే రక్షణ కలుగదు. కావుననే వాన రాకమునుపే మందను కూర్చుట అవసరము.

పారుడు వ్యాధి టీకా వేఱొక విధమైనది. జ్వరము, ముక్కున చీమిడి, నోట పుండ్లు, విరేచనములతో మందకు మందనే తుడిచిపెట్టు ఈ వ్యాధికి కారణమైన వైరస్, పశువుల ముసర వ్యాధి వైరస్‌కు దాయాది. ముసర వ్యాధి ప్రపంచమునుండి నిర్మూలమైనట్లు 2011లో ప్రకటింపబడినది. 2030 నాటికి పారుడు వ్యాధిని గూడ అట్లే తుడిచివేయవలెనని అంతర్జాతీయ సంస్థలు సంకల్పించినవి. దీని టీకా పొడిరూపమున చిన్న సీసాలో నుండును, మంచుపెట్టెలోనే తేవలెను. ద్రవముతో కలిపిన పిమ్మట రెండు గంటలలో వాడవలెను, లేకున్న శక్తి తఱిగిపోవును. ఒక్క సీసాలో వంద జీవములకు సరిపడు మందుండును. పశువైద్యుని సహాయకుడు ఊరికి వచ్చి సీసా విప్పిన తరువాత, "మంద గుట్టమీద నున్నది, తోలుకొని వత్తుము" అనినచో ఆ మందు నేలపాలే. దొడ్డి ముందుగా నిండియున్నచో, ఒకడు పట్టియిచ్చుచుండగా మఱియొకడు సూది వేయుచుండగా, పూట తిరుగకముందే పని ముగియును. వేసినదానికి నుదుట రంగు పూయుదురు. రెండుమాఱులు వేయు పొరపాటు గాని, విడిచిపెట్టు పొరపాటు గాని జరుగదు.

ఇంత చేసినను స్వాతి, విశాఖ కార్తెల వానలలో మఱియొక భయము కాచుకొనియుండును. అది నీలినాలుక వ్యాధి. దోమకంటె చిన్నదైన ఒక కీటకము కుట్టుటవలన ఇది వ్యాపించును గాని, జీవము నుండి జీవమునకు తాకుడువలన రాదు. మూతి వాచి, నోట పుండ్లు పడి, కొన్నింటికి నాలుక నీలమగును; గిట్టల పైభాగము కమిలి గొఱ్ఱె కుంటును. దీనికి కారణమైన వైరస్‌లో ఇరువది నాలుగుకు మించిన రకములున్నవి. మన దేశమున తయారగు టీకా వానిలో ఐదింటినుండి కాపాడును. సాయంకాలమున దొడ్డి చుట్టును వేపాకు పొగ వేయుటయు, నీరు నిలిచిన పల్లములకు మందను దూరముగా నుంచుటయు కాపరి చేయగల పనులు. రోగము తగిలినదాని నోటిని పొటాషియం పర్మాంగనేటు కలిపిన నీటితో కడిగి, రాగిగంజి త్రాగింతురు. ఈ పని ఎక్కువగా ఇంటి స్త్రీలదే. రాత్రి రెండు మూడు మాఱులు లేచి, గరిటెతో గంజి పోసి, చంటిబిడ్డను సాకినట్లు సాకుదురు. తల్లి చచ్చిన పిల్లలను గంప క్రింద మూసి, మేకపాలు పట్టి బ్రతికింతురు.

మంద వలన రైతునకు గల లాభమును వేఱుగా చెప్పవలెను. పంట కోసిన చేలలో రాత్రులు మందను నిలిపినచో పెంటికలును మూత్రమును నేలలో కలిసి మంచి ఎరువగును. వలలు పన్ని, ప్రతిరాత్రియు చోటు మార్చుచు చేనంతయు కప్పుదురు. ఇందులకు రైతు కాపరికి ధాన్యమో పైకమో ముట్టజెప్పును. కాని సంబంధము సాఫీగానే సాగునని చెప్పరాదు. కోయని చేనిలో మంద పడినచో మఱునాడే తగవు. ఆ తగవును తీర్చుటకు ఊరి పెద్దలు కూర్చున్నపుడు, ఎరువు కొఱకు కాపరిని పిలిచినవాడును, నష్టము కొఱకు కాపరిని నిలదీయువాడును ఒక్క రైతే యగుటయు కలదు.

మేత మాత్రము ఏటేట తఱుగుచున్నది. పూర్వము బీడుగా నున్న మెట్టలు గొట్టపుబావులు వచ్చిన పిమ్మట చేలైనవి. మిగిలినచోట సర్కారుతుమ్మ అల్లుకొన్నది. దాని కాయను గొఱ్ఱెలు తినునుగాని, దాని నీడను గడ్డి మొలవదు. అదే సీమలో గని, శకునాల గ్రామముల చెంత 1,000 మెగావాట్ల సౌరవిద్యుత్ క్షేత్రము 2017లో పూర్తియైనది. అది సుమారు ఆఱువేల ఎకరములను ఆక్రమించినది. విద్యుత్తు అందఱకు కావలసినదే. కంచె లేచినచోట మంద దారి మాఱుటయు నిజమే. కాపరుల పిల్లలు బడికి పోవుచున్నారు, పోవలసినదే. కాని వలసకాలమున తండ్రి వెంట నడువవలెనా, బడిలో పేరు నిలుపుకొనవలెనా అను ప్రశ్న ఇంటింటను వేసవి రాకముందే లేచును.

సాయంకాలమునకు దొడ్డి పని ముగియును. నుదుట రంగు పూసికొనిన జీవములు బెదరుచు, ఒకదానినొకటి త్రోసికొనుచు వెలుపలికి వచ్చును. తల్లులు పిల్లలను వాసన చూచి పిలుచుకొనును. కుఱ్ఱవాడు గులకరాళ్ళను ఏఱి ముసలివాని చేతికిచ్చును. ఆయన వానిని మరల ఒకసారి లెక్కించి, కంబళి కొంగున ముడివేసికొనును. పడమట మేఘము కనిపించిన దినమున కుక్క ముందు పరుగెత్తగా, మంద గుట్టవైపు సాగిపోవును.