ఊరికి వచ్చిన పిలుపు

ఉద్దేశం: యుద్ధ చరిత్రల్లో రాజుల పేర్లు, సేనానుల పేర్లు కనిపిస్తాయి. నాగలి విడిచి తుపాకి పట్టిన రైతుబిడ్డల మాట అరుదుగా వినిపిస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో మన దేశపు పల్లెల నుండి సైనికులు ఎలా వెళ్లారో, ఆ పిలుపును పల్లెలు ఎలా స్వీకరించాయో తెలపడం ఈ పాఠం ఉద్దేశం.

1914 జూలై చివరలో ఐరోపాలో యుద్ధం మొదలైంది. బ్రిటన్ యుద్ధంలో దిగింది కనుక, దాని పాలనలో ఉన్న మన దేశమూ దిగవలసి వచ్చింది. మన ప్రజల అభిప్రాయాన్ని ఎవరూ అడగలేదు. యుద్ధానికి ధనం కావాలి, ధాన్యం కావాలి. అన్నిటికంటే ముందు మనుషులు కావాలి.

బ్రిటన్‌లో మొదట ఇష్టపడినవారినే సైన్యంలో చేర్చుకున్నారు. వారు చాలకపోయేసరికి 1916 జనవరిలో నిర్బంధ సైనిక సేవా చట్టం చేశారు. ఆ చట్టం కఠినమైనదే. అయినా పొలం చూసేవారు లేరనీ, ముసలి తల్లికి దిక్కు లేదనీ, చంపడం తన మనస్సాక్షికి విరుద్ధమనీ చెప్పుకోవడానికి ప్రతి ప్రాంతంలోనూ ఒక విచారణ సభ ఉండేది. మన దేశంలో భారతీయులకు అలాంటి చట్టం లేదు. ఇక్కడివారంతా స్వేచ్ఛగానే చేరారని ప్రభుత్వం చెప్పింది. చట్టం లేదు కాబట్టి, మినహాయింపు కోరుకోవడానికి విచారణ సభ కూడా లేదు. మరి పల్లెలో జరిగింది ఏమిటి?

అప్పటి పంజాబులోని జీలం జిల్లాను చూద్దాం. నేడు అది పాకిస్తాన్‌లో ఉంది. అక్కడి ఉప్పు కొండల చుట్టూ ఉన్న నేల రాతినేల. వాన పడితే పంట, లేకపోతే పస్తు. ఆ ఇళ్లలో ఒక కొడుకు పొలానికి, ఒక కొడుకు పటాలానికి అన్నట్లు ఉండేది. సిపాయికి నెలకు 11 రూపాయల జీతం. వానను నమ్ముకున్న కుటుంబానికి నెలనెలా వచ్చే ఆ రూపాయలు చేదోడు. బాగా సేవ చేసినవారికి కొత్త కాలువల కింద సాగుభూమి దొరికే ఆశ కూడా ఉండేది. దీనికి తోడు, కొన్ని జాతులవారే యుద్ధానికి తగినవారని ఆంగ్లేయ సేనాధికారులు నమ్మేవారు. ఆ నమ్మకం వల్ల పంజాబు పల్లెలే సైన్యానికి పుట్టిళ్లు అయ్యాయి.

ఆ జిల్లాలోని డబ్ గ్రామానికి చెందిన ఖుదాదాద్ ఖాన్ అలా చేరినవాడే. 1914 అక్టోబరు 31న బెల్జియంలోని హోలెబెక్ దగ్గర జర్మన్ సేన విరుచుకుపడింది. అతని దళంలోని మరతుపాకి సిబ్బంది ఒక్కొక్కరే నేలకొరిగారు. తానూ గాయపడి ఉండి, చివరివరకు తుపాకిని విడవక పోరాడాడు. చనిపోయాడనుకుని శత్రువులు వదిలి వెళ్లగా, పాకుతూ తన వారిని చేరుకున్నాడు. విక్టోరియా క్రాస్ పతకం పొందిన మొదటి భారత సైనికుడు అతడే.

పతకం ఒకరికి వచ్చింది. బురద, చలి, మంచు అందరికీ దక్కాయి. ఎండకు అలవాటు పడిన ఆ రైతుబిడ్డలు ఫ్రాన్సు కందకాలలో మోకాళ్ల లోతు నీటిలో నిలబడ్డారు. ఇళ్లకు ఉత్తరాలు రాయించుకునేవారు. ఆ ఉత్తరాలను అధికారులు చదివి, అభ్యంతరకరమైనవి ఆపేవారు. సంగతి తెలిసిన సిపాయిలు మర్మంగా రాయసాగారు. నల్ల మిరియాలు అయిపోతున్నాయని రాస్తే భారత సైనికులు రాలిపోతున్నారని అర్థం. ఎర్ర మిరపకాయలంటే తెల్ల సైనికులు. వంటింటి మాటలతో యుద్ధవార్తలు ఊరు చేరాయి. అధికారులు తర్జుమా చేయించి పెట్టుకున్న ఆ ఉత్తరాల భాగాలు లండన్‌లో ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి.

యుద్ధం సాగిన కొద్దీ ఇష్టంతో వచ్చేవారు తగ్గారు. 1917 నుండి జిల్లాకు ఇంతమంది, తాలూకాకు ఇంతమంది అని లెక్కలు కట్టారు. 1918 ఏప్రిల్‌లో ఢిల్లీలో యుద్ధ మహాసభ జరిగిన తరువాత పంజాబు ఒక్కటే ఏడాదిలో రెండు లక్షల మందిని ఇవ్వాలన్నారు. ఆ లెక్క కలెక్టరు నుండి తహశీల్దారుకు, అతని నుండి కొన్ని ఊళ్లకు పెద్ద అయిన జైల్దారుకు, చివరకు ఊరి లంబర్దారుకు దిగింది. మన వైపు మునసబు ఎలాంటివాడో అక్కడ లంబర్దారు అలాంటివాడు. మనుషులను తెచ్చినవాడికి బిరుదు, భూమి. తేలేనివాడికి పదవీగండం. కాబట్టి అతడు ఇల్లిల్లూ తిరిగేవాడు. శిస్తు బాకీ ఉన్నవాడు, కాలువ నీటికి అతని దయ కావలసినవాడు, ఊళ్లో అండ లేనివాడు అతనికి ఎదురు చెప్పగలడా? కాగితం మీద మాత్రం అది స్వేచ్ఛ. షాపూర్, ముల్తాన్ జిల్లాల్లో ప్రజలు తిరగబడ్డారు, ఘర్షణలు జరిగాయి. 1919లో పంజాబులో జరిగిన అల్లకల్లోలంపై విచారించినవారు ఈ బలవంతపు చేర్పులను కూడా ఒక కారణంగా పేర్కొన్నారు.

అదే 1918లో గుజరాత్‌లోని ఖేడా జిల్లా మరో విధమైన పిలుపును విన్నది. ఆ ఏడు అక్కడ పంట పోయింది. శిస్తు కట్టబోమని రైతులు గాంధీజీ నాయకత్వంలో మార్చి నుండి జూన్ వరకు సత్యాగ్రహం చేశారు. అది ముగియగానే గాంధీజీ అవే ఊళ్లకు సైనికులు కావాలని అడగడానికి వెళ్లాడు. స్వరాజ్యం కోరేవారికి దేశరక్షణ చేసే శక్తి కూడా ఉండాలని ఆయన వాదం. ఖేడాలో 600 గ్రామాలున్నాయి, ఊరికి ఇరవై మంది చొప్పున వస్తే 12 వేల సైన్యమవుతుందని లెక్క చెప్పాడు.

సత్యాగ్రహ కాలంలో అడగకుండానే బండ్లు ఉచితంగా వచ్చేవి. ఇప్పుడు కిరాయికి కూడా బండి దొరకలేదు. గాంధీజీ, వల్లభ్‌భాయ్ పటేల్ కాలినడకన, రోజుకు ఇరవై మైళ్ల దాకా తిరిగారు. అహింస బోధించే మీరు ఆయుధం పట్టమంటారేమని రైతులు ఆయన ముఖం మీదే అడిగారు. ఈ ప్రభుత్వం మాకు ఏమి మేలు చేసిందని నిలదీశారు. పట్టు విడవకుండా తిరగగా కొందరు పేర్లు ఇచ్చారు కాని, అనుకున్న సంఖ్య దూరంగానే ఉండిపోయింది. ఆగస్టులో గాంధీజీ తీవ్రంగా జబ్బుపడ్డాడు. నవంబరులో యుద్ధమే ముగిసింది.

ఈ రెండు జిల్లాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఖేడా రైతులు తాము ఎంతో గౌరవించే నాయకునికి కూడా కాదని చెప్పగలిగారు. ఆయన వారి మాట విన్నాడు, వాదించాడు, శిక్షించలేదు. జీలం రైతుకు ఆ చోటు లేకపోయింది. కాదనడానికి వీలున్నచోటనే ఔననడానికి విలువ. ధైర్యం రెండు చోట్లా ఉంది, స్వేచ్ఛ ఒకచోటనే ఉంది.

మరి మన తెలుగువారి సంగతి ఏమిటి? పందొమ్మిదో శతాబ్ది చివర సేనాధిపతి లార్డ్ రాబర్ట్స్ వంటివారు దక్షిణాదివారు యుద్ధానికి పనికిరారని మద్రాసు పటాలాలను తగ్గించారు. యుద్ధంలో మనుషులు కరువయ్యేసరికి ఆ సిద్ధాంతాన్ని పక్కన పెట్టవలసి వచ్చింది. పంజాబు నుండి దాదాపు 3 లక్షల 50 వేల మంది, మద్రాసు రాష్ట్రం నుండి దాదాపు 51 వేల మంది పోరాట దళాలలో చేరారు. బెంగుళూరు కేంద్రంగా గల మద్రాసు సాపర్ల దళంలో తమిళులతో పాటు తెలుగువారూ ఉన్నారు. దారులు వేయడం, వంతెనలు కట్టడం, కందకాలు తవ్వడం సాపర్ల పని. పశ్చిమ గోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరం నుండి 90 మంది ఆ యుద్ధానికి వెళ్లారని ఆ ఊరివారు చెప్పుకుంటారు. సైనికులు ఎక్కువగా ఉండడం వల్ల దానికి 'మిలిటరీ మాధవరం' అనే పేరు స్థిరపడింది.

ఆ యుద్ధంలో పది లక్షల మందికి పైగా భారతీయులు సముద్రాలు దాటారు. 74 వేల మందికి పైగా తిరిగి రాలేదు. అప్పటి జీలం జిల్లాలోని దుల్మియాల్ అనే ఒక్క ఊరు 460 మందిని పంపిందని ప్రతీతి. అందుకు గుర్తుగా ఆ ఊరికి 1925లో ఒక పాత ఫిరంగిని బహుమానంగా ఇచ్చారు. చక్వాల్ దాకా రైలులో వచ్చిన ఆ ఫిరంగిని అక్కడి నుండి ఎడ్లు లాగాయి. ఊరికి పేరు తెచ్చిన ఫిరంగి సరే, వెళ్లినవారి పేర్లు ఎక్కడ?

ఆ పేర్లూ దొరికాయి. యుద్ధం ముగిశాక పంజాబు ప్రభుత్వం ఊరూరి వారీగా రాయించిన పట్టీలు లాహోరు మ్యూజియంలో ఏళ్ల తరబడి మూలపడి ఉన్నాయి. 26 వేల పుటలలో దాదాపు 3 లక్షల 20 వేల మంది వివరాలు వాటిలో ఉన్నాయి. 2021 నుండి వాటిని కంప్యూటర్లలోకి ఎక్కించి అందరికీ అందుబాటులోకి తెస్తున్నారు. మనుమలు, మునిమనుమలు తమ ఊరి పేరు వెతికి, తాత పేరు చదువుకుంటున్నారు. సేనాని కథ చరిత్రలో ఒక అధ్యాయం కావచ్చు. సిపాయికి దక్కింది ఒక్క వరుస. ఆ వరుసను చదివే ఓపిక మనకు ఉండాలి.

పదాలు - అర్థాలు
పటాలం = సైనిక దళం
కందకం = శత్రువు నుండి రక్షణకై తవ్విన లోతైన కాలువ
శిస్తు = భూమిపై పన్ను
చేదోడు = సహాయం
నిర్బంధం = బలవంతం
ప్రతీతి = జనం చెప్పుకునే మాట
పట్టీ = పేర్ల జాబితా

ప్రశ్నలు
I. ఒకటి రెండు వాక్యాలలో జవాబులు రాయండి.
1. బ్రిటన్‌లో సైనిక సేవ నుండి మినహాయింపు కోరేవారికి ఉన్న అవకాశమేమిటి?
2. సిపాయిలు ఉత్తరాలలో మర్మంగా ఎందుకు రాశారు?
3. సాపర్లు చేసే పనులు ఏవి?

II. పది వాక్యాలలో జవాబులు రాయండి.
1. 'కాగితం మీద మాత్రం అది స్వేచ్ఛ.' ఈ వాక్యాన్ని పాఠం ఆధారంగా వివరించండి.
2. జీలం, ఖేడా జిల్లాల అనుభవాలను పోల్చి రాయండి.

III. వ్యాకరణం
1. విడదీసి, సంధి పేరు రాయండి: స్వేచ్ఛ, మహాసభ అనే పదాలలో సంధి ఉన్న పదాన్ని గుర్తించండి.
2. విగ్రహవాక్యం రాసి, సమాసం పేరు తెలపండి: రెండు లక్షలు, యుద్ధవార్తలు.
3. సొంత వాక్యాలలో ప్రయోగించండి: నేలకొరుగు, నిలదీయు, మూలపడు.

IV. మీరు చేయండి
మీ ఊరి నుండి గాని, మీ బంధువులలో గాని సైన్యంలో పనిచేసినవారు ఉంటే వారిని కలుసుకోండి. వారు ఎందుకు చేరారో, ఇంటికి ఏ భాషలో ఉత్తరాలు రాసేవారో అడిగి తెలుసుకుని, ఒక పుటలో రాయండి.