కళ్ళకలకతో పెళ్ళిపీటల మీదికి

అమ్మాయ్, ముహూర్తం నాలుగు రోజులుందనగా పొద్దున్నే రెప్పలు అతుక్కుపోయి, కన్ను మంటెత్తుతూ లేచావా? ఏడవకు తల్లీ. ఏడిస్తే తుడుచుకుంటావు, తుడుచుకుంటే రెండో కంటికీ అంటుకుంటుంది. ముందు కంటి డాక్టరు దగ్గరికి పద.

ఎర్రబడ్డ కళ్ళన్నీ ఒకటి కావు. నీళ్ళు కారుతూ, ఇసక పడ్డట్టు గరగరలాడితే చాలాసార్లు వైరస్సే. దానంతటదే తగ్గాలి, వారం నుంచి 2 వారాలు పడుతుంది. పచ్చగా పుసి కడుతుంటే బాక్టీరియా కావచ్చు, దానికి చుక్కల మందుంది. నొప్పిగా ఉన్నా, వెలుతురు చూడలేకపోయినా, చూపు మసకబారినా ఆ పూటే వెళ్ళాలి. మందుల షాపులో అడిగి తెచ్చుకునే చుక్కలతో జాగ్రత్త. వాటిలో స్టెరాయిడ్ ఉంటే ఎరుపు చప్పున తగ్గినట్టే ఉంటుంది గానీ, కొన్ని ఇన్ఫెక్షన్లలో నల్లగుడ్డుకే చేటు. నందివర్ధనం రసం, చనుబాలు అని అమ్మమ్మలు ప్రేమతోనే చెబుతారు. వాళ్ళని నొప్పించకు, కంట్లో మాత్రం వేయించుకోకు.

ఇక మేకప్. నీకు కళ్ళకలకని బ్యూటీషియన్‌కి ముందే ఫోన్ చేసి చెప్పు. దాచావో, నీ కింది రెప్పకు తగిలిన కాటుక పెన్సిల్ మొనే తోడిపెళ్ళికూతురి కంటికీ, అట్నుంచి మీ పిన్ని కంటికీ వెళుతుంది. మస్కారా మరీ ఘోరం. రెప్పల్ని తాకిన బ్రష్ మళ్ళీ ఆ గొట్టంలోకే దూరుతుంది. 2023 వానాకాలంలో మన రెండు రాష్ట్రాల్లోనూ కళ్ళకలక ఎలా పాకిందో చూశాం కదా, పెళ్ళింటికి ఆ కానుక వద్దు.

కాబట్టి కాటుక, ఐలైనర్, అంటించే రెప్పలు, లెన్సులు ఏవీ వద్దు. కళ్ళు లేకపోతే కళ ఎక్కడిదంటావా? కనుబొమలు తీర్చిదిద్దించుకో, పెదవులకు నిండు ఎరుపు వేయించుకో, కల్యాణ తిలకం కాస్త పెద్దగా దిద్దమను. బాసికం కట్టాక చూపంతా నుదుటి మీదికే పోతుంది. ఫొటోల్లో కంటి ఎరుపు ఆల్బమ్ చేసేటప్పుడు తీసేస్తారు. ముఖానికి వాడే స్పాంజీ, బ్రష్షులు నీకు విడిగా పెట్టమను.

పీటల మీద హోమం పొగ తగులుతుంది. కళ్ళు నలపకు. చీర చెంగుతో అసలే తుడవకు, అమ్మ చేతిలో టిష్యూలు ఉండనీ. తలంబ్రాలప్పుడు కళ్ళు మూసుకో, పసుపు బియ్యం కంట్లో పడితే ఇంకా మండుతుంది. చుక్కలు వేసుకునే ముందూ తర్వాతా చేతులు కడుక్కో. అబ్బాయికీ విషయం చెప్పు. తగ్గేదాకా తువ్వాలూ, దిండూ వేరు.

అత్తవారి వైపు పెద్దలకు మీ అమ్మ చేత ముందే ఒక మాట చెప్పించు. కాటుక లేని కళ్ళు చూసి ఎవరూ చిన్నబుచ్చుకోరు. బుగ్గచుక్క ఎలాగూ ఉంటుంది. దానికి కొత్త కాటుక తీయమను.